ముందు ఏ ఫోనునకు?

శ్రోతలారా, చిన్న పనికి పూనుకొని పెద్ద చిక్కులో పడిన వైనమును ఈ పూట మీకు విన్నవించుచున్నాము. మేము ముగ్గురు మిత్రులము, కొలువు వేళలు ముగిసిన పిదప, రేడియో నాటికలను వినిపించు యాప్ ఒకటి నిర్మింప దలచితిమి. ఆండ్రాయిడ్ ఫోనులకు చేయుదుమా, ఐఫోనులకు చేయుదుమా? రెంటికి ఒక్కమారే చేయుటకు మాకు సొమ్మును లేదు, తీరికయు లేదు.

ఈ రెండు యాప్ అంగళ్లును 2008లోనే తెరువబడినవి. యాపిల్ వారిది జూలైలో, గూగుల్ వారిది అక్టోబరులో. నడుమ వచ్చిన విండోస్ ఫోను నిలువలేకపోయినది. గూగుల్ అంగడిలో చేరుటకు రుసుము 25 డాలర్లు, అదియు ఒక్కసారి. యాపిల్ వారికి ఏటేట 99 డాలర్లు చెల్లింపవలెను. మానిన యాప్ అంగడినుండి తొలగును. అంతకు మించిన వ్యయము వేరొకటి కలదు. ఐఫోను యాపులను కూర్చు ఎక్స్‌కోడ్ అను సాధనము మాక్ కంప్యూటరుపై తప్ప నడువదు. ఆండ్రాయిడ్ స్టూడియో యన్ననో, ఇంటనున్న విండోస్ యంత్రముపైననే నడుచును. అమ్మకములలో అంగడివారి వాటా సంగతి మాకు పట్టలేదు, మా నాటికలు ఉచితము గనుక.

మన దేశమున పది ఫోనులలో తొమ్మిదికి పైగా ఆండ్రాయిడ్‌వే. కనుక అటే మొగ్గితిమి. కొత్తగా ఖాతా తెరచిన వ్యక్తులు తమ యాప్‌ను కనీసము 12 మందిచే వరుసగా 14 దినములు పరీక్షింపజేయవలెనని గూగుల్ నియమము. 2023లో ఈ నియమము వచ్చినప్పుడు 20 మంది కావలసియుండెను. మేము మేనత్తలను, తోడల్లుళ్లను బతిమాలి ఆ లెక్క నింపితిమి.

అసలు కష్టము ఆ పిమ్మట వచ్చినది. తెర ఆరిన కొంతసేపటికి నాటిక ఆగిపోవుచుండెను! 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నాటినుండి తెరవెనుక నడచు యాపులపై ఆంక్షలు కలవు; తాను పనిచేయుచున్నానని తెలుపు సూచిక నొకదానిని యాప్ చూపుచుండవలెను. అదియు చేసితిమి. అయినను ఫోను తయారుచేయువారిలో కొందరు బ్యాటరీ పొదుపునకై తమ సొంత కట్టడులు చేర్చియున్నారు. ఒక ఫోనులో కడవరకు పలికిన నాటిక మరియొకదానిలో రెండవ రంగమునకు ముందే మూగవోయెను. ఐఫోనున ఈ బెడద తక్కువ. ఇది శబ్దము వినిపించు యాప్ అని ముందుగా ప్రకటించినచో తెర ఆరినను వినిపించును. ఫోనును, దాని లోపలి వ్యవస్థను చేయువారు ఒక్కరే గదా.

అట్లని ఐఫోను నిర్దోషి యనరాదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరము ఒకానొక కూర్పులో సందేశముగా వచ్చినంతనే, దానిని చూపబోయిన యాప్ కుప్పకూలెడిది. ఆ నెలలోనే 11.2.6 అను సవరణతో దానిని సరిదిద్దిరి. జ్ఞానము ఫోనునకు సరిపడలేదని నవ్వుకొంటిమి గాని, నాటికల పేర్లన్నియు తెలుగులోనే చూపదలచిన మాకు అది కేవలము నవ్వులాట కాదు.

మొన్న వృద్ధురాలైన శ్రోత యొకామె పలికినది: “బాబూ, మా అబ్బాయి అమెరికానుండి ఐఫోను పంపినాడు. మీ నాటికలు ఇందులో రావేమి?” మాకు బదులు తోచలేదు. ఇప్పుడు ముగ్గురమును పాత మాక్ ఒకటి చవుకగా దొరకునేమో యని వెదకుచున్నాము.