బొమ్మ నునుపు ఎవరి పని?

(డోర్నకల్‌లో కొత్తగా చదువు నేర్చిన మహిళలకు చెప్పిన మాటలు)



చేర్యాల పేరు విన్నారు కదా. జనగామ దగ్గరి ఊరు. ఒకప్పుడు డోర్నకల్, చేర్యాల రెండూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 2016లో జిల్లాలు మారినయి. చేర్యాల సిద్దిపేట జిల్లాలోకి పోయింది. డోర్నకల్ మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది.

చేర్యాలలో నకాషీ వాళ్లు ఉన్నారు. గుడ్డ మీద కథలు బొమ్మలుగా గీస్తారు. కట్టె బొమ్మలు కూడా చేస్తారు. మందహెచ్చుల వాళ్లు గొల్లలకు కాటమరాజు కథ చెప్పేది ఇట్లాంటి బొమ్మలు చూపించే.

బొమ్మకు పొనికి కట్టె వాడతారు. తేలికగా ఉంటుంది, మెత్తగా తెగుతుంది. పచ్చి కట్టె పనికిరాదు. పైన రంగు వేసినంక లోపల ఎండి పగులుతుంది. మిరపకాయ సరిగా ఎండకుండా బస్తాకెత్తితే ఏమైతదో మీకు తెలుసు. ఇదీ అంతే.

చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తారు. అందులో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. ముక్కు, చెవులు, నగలు ఆ ముద్దతోనే పెడతారు. తర్వాత ఆరబెట్టాలి.

ఇక అసలు ఓపిక పని. ఆకురాయితో, గరుకు కాగితంతో బొమ్మను రుద్దాలి. ముందు గరుకుది, తర్వాత సన్నది. వేలు పెట్టి చూస్తే ఎక్కడా తగలొద్దు. ఆ దుమ్ము మంచిది కాదు. ముక్కుకు కొంగు చుట్టుకోవాలి. పసిపిల్లలను దగ్గరికి రానీయొద్దు.

నునుపు చేసినంక తెల్ల సుద్ద పూస్తారు. గోడ అలికినట్టే. మొదటి పూత ఆరకముందే రెండోది వేస్తే పెచ్చులు లేస్తయి. సుద్ద ఆరినంక మళ్లీ మెల్లగా రుద్దాలి. అప్పుడే రంగు నిలుస్తుంది. ఎరుపు, పసుపు, నీలం వేసి, చివరకు నల్లటి సన్న గీత. పెద్ద పెద్ద కండ్లు దిద్దితే బొమ్మ మనవైపు చూస్తున్నట్టే ఉంటుంది! వెనుకట ఎరుపుకు ఇంగిలీకం వాడేవాళ్లు. అందులో పాదరసం ఉంటుంది, విషం. ఏ రంగైనా సరే, కుంచె మొనను నోట్లో పెట్టి తడపొద్దు.

కొనేవాళ్లు రంగును మెచ్చుకుంటారు. రుద్దిన చెయ్యి ఎవరికీ కనపడదు. అది చాలా ఇండ్లల్లో ఆడవాళ్ల చెయ్యే. వంట చేస్తూ, పిల్లను ఎత్తుకుంటూ చేసే పని కాబట్టి దాన్ని ఎవరూ పని అనరు.

ఒక లెక్క వేద్దాం. అయిదు బొమ్మలు అనుకోండి. ఒక్కోటి 200 రూపాయలకు అమ్మితే 1000. కట్టెకు, రంగులకు 250 పోతే మిగిలేది 750. రంగు వేసిన 2 రోజులే లెక్కగడితే రోజుకు 375 కూలి. బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ చెక్కడానికి 1 రోజు, రుద్ది సుద్ద పూయడానికి 2 రోజులు పట్టింది. మొత్తం 5 రోజులు. కూలి రోజుకు 150 మాత్రమే.

ఇప్పుడు పలక తీయండి. మీరు బీడీలు చుట్టినా, బట్టలు కుట్టినా, విస్తళ్లు కుట్టినా సరే. నిన్న ఆ పనికి పొద్దున ఎన్ని గంటలు, రాత్రి ఎన్ని గంటలు పట్టిందో రాయండి. పక్కన చేతికొచ్చిన పైసలు రాయండి.