పరదేశములో మిషనెరీ ఇల్లు



పరదేశమునకు పోయిన మిషనెరీకి అద్దె ఇల్లు ఒక పూటలో దొరకవచ్చును. అది ఆ ఊరివారు జంకు లేక గడప దాటి వచ్చు ఇల్లగుటకు ఏండ్లు పట్టును.

మన బిషప్ అజరయ్యగారిని చూడుడి. తిరునెల్వేలి తమిళులు. 1909లో నైజాము రాజ్యములోని డోర్నకల్‌కు వచ్చునప్పటికి సుమారు 35 ఏండ్లవారు. సముద్రము దాటలేదు, నిజమే. కాని భాష వేరు, ఏలిక వేరు, సంతలో చెల్లు రూపాయి సైతము వేరు. ఆ వయస్సులో తెలుగు నేర్చుకొనిరి. భాష రానిదే పొరుగింటికి పోయి నిప్పు కూడ అడుగలేము గదా!

1910లో ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్య మిషనెరీల యెదుటనే వారు మాటలాడిరి. ఆ మిషనెరీల త్యాగములను మెచ్చుకొని, స్నేహము మాత్రము కొరవడినదనిరి. కలిసి భుజించుట, అతిథులుగా పిలుచుకొనుట అరుదనిరి. సభలో కొందరు నొచ్చుకొనిరి. నొచ్చుకొనవలసిన మాటయే. బంగళా వసారాలో నిలువబెట్టి మాటలాడి పంపిన దొరలను మన పెద్దలు ఎరుగనివారు కారు.

నేడు మన సంఘములు పొరుగు రాష్ట్రములకు సువార్తికులను పంపుచున్నవి. అద్దె సొమ్ము లెక్కించి ఇచ్చుచున్నాము, మంచిదే. ఆ కుటుంబము సామాను కట్టుకొనునప్పుడు నాలుగు కంచములు, రెండు కుర్చీలు ఎక్కువ కొనియిచ్చుటకు కూడ కమిటీవారు పద్దు వ్రాయవలెను.