తూకానికి ముందు పేరు



చిల్లుపడిన ఇత్తడి బిందె అమ్మాలంటే ముందు తూకం అడుగుతాం. అది సబబే. కాని ఇంట్లోని ప్రతి పాత వస్తువునీ తూకానికే అమ్మేయవచ్చునా? ఈ మధ్య నిజామాబాదులో ఓ పాత సామాన్ల దుకాణానికి ఊరగాయ జాడీ కోసం వెళ్ళినప్పుడు నాకీ ప్రశ్న ఎదురైంది.

అక్కడ బోధన్ నుంచి వచ్చిన ఒకావిడ బల్లమీద నల్లటి వస్తువొకటి పెట్టుకుని కూర్చుంది. నాలుగైదు కిలోల బరువుంటుంది. చేత్తో పట్టుకోవడానికి పిడులు, ముందు పెద్ద అద్దం. ఆవిడ భర్త షక్కర్ నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవారట. 1937లో పెట్టిన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. తరవాత ఆయనా పోయారు. ఇప్పుడు కొడుకు ఫీజు కట్టాలి.

"మా మామ మిలిటరీ వేలంల కొన్నడట. మా ఆయన ఉన్నన్ని దినాలు ఎవ్వల్నీ ముట్టనియ్యలే. గిదేందో జర చెప్పుండ్రి అక్కా" అంది.

దుకాణదారు కిలో లెక్కన వెల కడుతున్నాడు. నేనేమో చూడగానే "సినిమా కెమెరా అయి ఉంటుంది" అనేశాను. తొందరపడ్డాను. ఆ మాట విని ఆయన గీసి గీసి బేరం పెంచుతుంటే నాకే అనుమానం వచ్చి, సంచిలోంచి కుట్టు టేపు తీసి కొలిచాను. సినిమా ఫిల్ము మామూలుగా 35 మిల్లీమీటర్లు, అంటే అంగుళంన్నర కూడా ఉండదు. ఇందులో ఫిల్ము చుట్టే చోటు అయిదుంపావు అంగుళాల వెడల్పు. సినిమా మాట అబద్ధమని అక్కడే తేలిపోయింది.

ఇంకో వింత చూడండి. దగ్గరికీ దూరానికీ సరిచేసుకోవడానికి మామూలు కెమెరా అద్దం చుట్టూ తిప్పే చక్రం ఉంటుంది కదా, దీనికి అదే లేదు. ఎందుకు లేదు? విమానంలోంచి కిందికి చూస్తే చెట్టయినా చెరువైనా అన్నీ దూరమే. అందుకని అద్దాన్ని దూరానికే బిగించేశారు. దీంతో ఇంట్లో పాపాయి ఫొటో తీస్తే వచ్చేది మసకే!

లోపల గాలి పీల్చే ఏర్పాటు కూడా ఉంది. వేయించిన అప్పడంలా ఫిల్ము వంకరపోతే బొమ్మ చెడుతుంది. అందుకని గాలి లాగేసి ఫిల్మును వెనక పలకకి అంటిపెడతారు.

ఇంతలో దుకాణంలో కుర్రాడు గరుకు కాగితం పట్టుకుని రుద్దబోయాడు. "ఆగు నాయనా!" అన్నాను. మనకీ అదే అలవాటు, మురికి కనబడితే చింతపండో బూడిదో పెట్టి తోమేస్తాం. కాని ఇలాంటి వస్తువుకి ప్రాణం దాని పేరు పలకలోనే ఉంటుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే అక్షరాలు తేలాయి. రకం కె-20. చేసింది అమెరికాలోని రాచెస్టర్‌లో, ఫోల్మర్ గ్రాఫ్లెక్స్ కంపెనీ.

ఫెయిర్‌చైల్డ్ కంపెనీ రూపొందించిన ఈ కెమెరాలు 1941–45 మధ్య సుమారు 15,000 తయారయ్యాయి. బొమ్మ కొలత 4 అంగుళాలు 5 అంగుళాలు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా విమాన దళాలు మన దేశంలోనూ మకాం పెట్టాయి. యుద్ధం ముగిశాక మిగులు సామాను వేలానికి వచ్చింది. ఆవిడ మామగారి మాటకి ఇది సరిపోతుంది.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద లేచిన పొగ మేఘాన్ని, బాంబు వేసిన విమానం తోకలో కూర్చున్న సైనికుడు ఈ రకం కెమెరాతోనే ఫొటో తీశాడు. ఇది చెప్పగానే దుకాణదారు కళ్ళు మెరిశాయి. "అయితే ఆ కెమెరా ఇదే అని చెప్పి అమ్ముదాం" అన్నాడు. అది మాత్రం వద్దన్నాను. రకం ఒకటే గాని, వస్తువు అది కాదు. పదిహేను వేలలో ఇదొకటి. పేరు తెలియక తక్కువకి అమ్మడం నష్టం, లేని పేరు తగిలించి ఎక్కువకి అమ్మడం మోసం.

ఇక్కడ తల్లులకి ఓ జాగ్రత్త చెప్పాలి. ఆ కాలపు విమాన కెమెరా అద్దాలు కొన్నిటిలో థోరియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపేవారు. కొడాక్ వారి ఏరో ఎక్టార్ అలాంటిది. ఏళ్ళు గడిచిన కొద్దీ ఆ అద్దం పసుపుపచ్చగా మారుతుంది. అలాంటి అద్దం కనిపిస్తే భూతద్దమని పిల్లల చేతికి ఇవ్వకండి. పగలగొట్టకండి, అరగదీయకండి, పడుకునే చోట పెట్టకండి.

పాత వస్తువు చేతికి వస్తే ముందు తుడవండి, తోమకండి. పలక చదవండి, కొలత తీయండి, ఇంట్లో పెద్దవాళ్ళనడిగి ఎక్కడిదో రాసిపెట్టుకోండి. భాగాలు విడదీయకండి. బేరం ఆ తరవాత.

బోధన్ ఆవిడ ఆ రోజు కెమెరా అమ్మలేదు. నా దగ్గర కాగితం అడిగి, "కె-20, విమానం కెమెరా, మా మామ వేలంల కొన్నది" అని కొడుకు చేత రాయించింది. దాన్ని పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"ఫీజు కోసం అమ్ముడైతే తప్పదక్కా. కని ఇగ పేరు చెప్పే అమ్ముత" అంది.

నేను జాడీ కొనడం మరిచిపోయి ఇంటికొచ్చాను.