“ఎవరికి లేదు?” అంటే సరిపోదు
(రొళ్లలో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)



కలుపు తీసి, చెనక్కాయలు పీకి, బిందెలు మోసే మనకు నడుము నొప్పి కొత్త కాదు. చెప్పుకుంటే ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ “ఎవరికి లేదు?” అంటారు. కానీ కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న మనిషి విషయంలో ఆ మాట ప్రమాదమని చెప్పడానికే నేను లేచాను.

ఈ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇది ముఖ్యంగా వేళ్లు, మణికట్లు, పాదాల కీళ్లను పట్టుకుంటుంది. నడుమును నేరుగా తాకడం తక్కువ. మరి నడుమెందుకు నొస్తుంది? పనిభారం కావచ్చు. జబ్బువల్లా, ఏళ్లతరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలవల్లా ఎముకలు గుల్లబారి, బిందె ఎత్తినా వెన్నుపూస చితికిపోవచ్చు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు వెన్నులో క్షయ కూడా రావచ్చు.

అందుకే డాక్టరును అడుగుదాం: “ఈ మాత్రలో స్టెరాయిడ్ ఉందా? ఎక్స్‌రే, ఎముకల పరీక్ష అవసరమా?” మాత్రలు మాత్రం ఒక్కసారిగా మానకూడదు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇక్కడ చాలా ఇళ్లలో కన్నడమే మాట్లాడతారు. డాక్టరు చెప్పింది అర్థంకాకపోతే మళ్లీ చెప్పించుకోవడం మన హక్కు. కీళ్లు శాశ్వతంగా దెబ్బతిన్నవాళ్లు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద ధ్రువపత్రం అడగవచ్చు. వైకల్యం 40 శాతమైనా ఉంటే ఆ చట్టంలోని రిజర్వేషన్లు వర్తిస్తాయి.

హిందూపురం వెళ్లాలంటే ఒకరోజు కూలి పోతుంది. ఒంటరిగా వెళ్లలేక ఆగిపోయేవాళ్లున్నారు. ప్రతి సంఘం నుంచీ ఒకరు తోడు వెళ్లాలని ఈరోజే తీర్మానం చేద్దాం.