తాకట్టుల రిజిస్టరును కార్మిక ప్రతినిధి ఎందుకు చదవాలి?

(ఫెడరేషన్ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి స్థలం కొనే ముందు మనలో ఎవరమైనా సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లి ఇ.సి. తీయించుకుంటాము. ఆ స్థలంపై ఎవరికైనా తనఖా ఉన్నదేమోనని విచారిస్తాము. రెండు వందల గజాల నేల విషయంలో ఇంత జాగ్రత్త వహించే మనము, జీవితకాలపు పొదుపు ఒక ఫైనాన్సు కంపెనీ బాండ్లలోనికి పోతున్నప్పుడు, ఆ కంపెనీ ఆస్తి ఇదివరకే ఎవరి తాకట్టులో ఉన్నదని అడిగిన సందర్భాలు బహు తక్కువ.

ఇది మనకు సంబంధించని విషయమని అనుకొనరాదు. 2004 జనవరి 1 నుండి సర్వీసులో చేరిన రైల్వే, తపాలా ఉద్యోగులు జాతీయ పింఛను పథకం క్రిందికి వచ్చినారు. వారి జీతాల నుండి కోసిన సొమ్ములో కొంత భాగం కంపెనీల బాండ్లలో పెట్టబడుతున్నది. ఆ పథకంపై మన అభిప్రాయమేమిటో మరల చెప్పనక్కర లేదు. అయినా సొమ్ము అక్కడ ఉన్నంతకాలం దానిని కాచుకొనక తప్పదు.

2013 నాటి కంపెనీల చట్టం 77వ సెక్షను ప్రకారం, కంపెనీ తన ఆస్తిపై ఋణదాతకు హామీ హక్కు, అనగా ‘ఛార్జి’, కల్పించినచో 30 దినములలో దానిని కంపెనీల రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించాలి. ఆలస్యమైతే అదనపు రుసుము చెల్లించాలి. 2018 నవంబరు నుండి ఏర్పడిన ఛార్జీలకు మొత్తం గడువు 120 దినములకు మించదు. కంపెనీ నమోదు చేయించకున్నచో ఋణదాత తానే దరఖాస్తు చేసుకొనవచ్చును. నమోదు కాని ఛార్జిని, కంపెనీ మూతపడినప్పుడు, లిక్విడేటరు లెక్కలోనికి తీసుకొనడు. అప్పు రద్దు కాదు, హామీ మాత్రం పోతుంది. ఆ ఋణదాత వరుసలో వెనుకకు పోయి హామీ లేనివారి సరసన నిలబడవలసిందే. బ్యాంకులు సంతకాల సిరా ఆరకముందే రిజిస్ట్రారు వద్దకు పరుగెత్తడానికి కారణమిదే.

పెట్టుబడుల కంపెనీల విషయంలో మరొక చిక్కు ఉన్నది. వాటికి ఆస్తి అంటే యంత్రాలు, గోదాములు కావు. ఇతర కంపెనీల షేర్లు, వాటికిచ్చిన అప్పులే. పూర్వపు 1956 చట్టం చరాస్తుల ప్లెడ్జికి నమోదు నుండి మినహాయింపు ఇచ్చినది. 2014 ఏప్రిల్‌లో అమలులోనికి వచ్చిన కొత్త సెక్షనులో ఆ మినహాయింపు లేదు.

ఇక ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లీజింగ్ అండ్ ఫైనాన్షియల్ సర్వీసెస్ ఉదంతం చూడండి. 1987లో స్థాపితమైన ఈ సంస్థ క్రమేణా మూడు వందలకు పైగా కంపెనీల సమూహానికి తల్లి కంపెనీ అయినది. సత్యం కుంభకోణం తరువాత మన హైదరాబాదు మేటాస్ ఇన్‌ఫ్రా కూడా ఈ సమూహం చేతికే వచ్చినది. జీవిత బీమా సంస్థ దీనిలో అతిపెద్ద వాటాదారు. రేటింగు సంస్థలు 2018 మధ్య వరకు ‘ట్రిపుల్ ఏ’ అని కితాబునిచ్చి, అదే సంవత్సరం సెప్టెంబరులో ‘డి’కి దించినాయి. సమూహపు అప్పులు 90 వేల కోట్ల రూపాయలకు పైబడినవి. అక్టోబరు 1న ప్రభుత్వం ట్రిబ్యునల్ ద్వారా పాత డైరెక్టర్ల బోర్డును తొలగించినది.

2019 ఫిబ్రవరిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఎదుట ఆ కంపెనీలను మూడు రంగులుగా విభజించినారు. అన్ని బాకీలు తీర్చగలిగినవి ఆకుపచ్చ. నడుపుడు ఖర్చులు, ముందు వరుసలోని హామీగల ఋణదాతల బాకీలు మాత్రమే తీర్చగలిగినవి పసుపు. అదీ చేతగానివి ఎరుపు. పసుపు కంపెనీకి హామీ లేకుండా అప్పిచ్చినవారి గతి ఏమిటో వేరుగా చెప్పాలా? ఆ సమూహపు బాండ్లు కొన్న పలు ప్రావిడెంట్ ఫండ్ ట్రస్టులు తమ సభ్యుల సొమ్ము కొరకు ట్రిబ్యునల్ తలుపు తట్టవలసి వచ్చినది.

అట్లని తల్లి కంపెనీ రిజిస్టరును తిరగవేసి తృప్తిపడితే చాలదు. మన దృష్టిలో అసలు మోసపోయే చోటు ఇదే. రోడ్డును నడిపేది పిల్ల కంపెనీ. ఆ రోడ్డు టోలు రాబడిపై బ్యాంకులకు ఛార్జి ఉంటే, అది పిల్ల కంపెనీ పేరునే నమోదవుతుంది. తల్లి కంపెనీకి అప్పిచ్చినవారి చేతిలో ఉండేది, ఉంటే గింటే, పిల్ల కంపెనీ షేర్లపై హక్కు మాత్రమే. బ్యాంకుల బాకీ పూర్తిగా తీరిన తరువాత మిగిలితేనే ఆ షేర్లకు విలువ. కనుక హామీ నమోదైన బాండు సైతం ఉత్త చేతులు చూపవచ్చును. రేటింగు అక్షరాలు చూసి సంతకం చేసే ట్రస్టీ ఈ మెట్టు దిగి చూడడు. దిగి చూడవలసింది మన ప్రతినిధి.

ప్రభుత్వ రంగ సంస్థల ప్రావిడెంట్ ఫండ్ ట్రస్టులలో కార్మిక ప్రతినిధులుగా ఉన్న సోదర సంఘాలవారు బాండు కొనుగోలు తీర్మానానికి ముందు, ఛార్జి నమోదు పత్రం ప్రతిని, డిబెంచర్ ట్రస్టీ పేరును, ఆస్తి నిజంగా ఉన్న పిల్ల కంపెనీల ఛార్జీల జాబితాను అడగాలి. మన విషయంలో, జె.సి.ఎం. స్టాఫ్ సైడ్ ద్వారా ఒక కోరిక పెట్టవలసి ఉన్నది. పింఛను నిధి నిర్వాహకులు తాము కొన్న ప్రతి బాండు పేరు ప్రక్కన, దానికి హామీ ఉన్నదో లేదో, ఉన్నచో ఛార్జి ఏ తేదీన నమోదైనదో అచ్చువేయాలి. ఇందులో రహస్యమేమీ లేదు. రిజిస్ట్రారు వద్దనున్న ఛార్జీల రిజిస్టరును రుసుము చెల్లించి ఎవరైనా పరిశీలించవచ్చునని 81వ సెక్షను చెప్పుచున్నది.

భోజన విరామం తరువాత ఒక కంపెనీ ఛార్జీల జాబితాను ముందు పెట్టుకొని వరుసవరుసగా చదువుదాము. అందరూ కాగితం, కలం తెచ్చుకోండి.