దామెర్ల రామారావుగారి వ్యాసమునకు ఆకరములు వెదకుట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను కళాశాల మెట్లెక్కినవాడను కాను. పగలు గ్రామలెక్కలు వ్రాసికొనుచు, రాత్రులు ఈ గ్రంథాలయపు దీపము క్రింద కావ్యములు చదువుకొన్నవాడను. అట్టి నన్ను, ఒక విజ్ఞానసర్వస్వమునకై చిత్రకారులు దామెర్ల రామారావుగారిని గూర్చి వ్యాసము వ్రాయుమని మిత్రులు కోరిరి. రెండు పుటలే గదా యని ఒప్పుకొంటిని. ఎనిమిది నెలలు పట్టినది.

మొదటి ప్రతిని మూడు దినములలో ముగించితిని. ఇంటనున్న మూడు పుస్తకములు ముందు పెట్టుకొని, మూడింటను కనబడిన సంగతులనే ఏర్చి కూర్చితిని. మూడును ఒకే మాట చెప్పుచున్నవి గనుక అది నిజమేయని నా ధైర్యము. సంపాదకులు దానిని త్రిప్పి పంపిరి. అంచున ఎఱ్ఱసిరాతో పదునేడు చోట్ల ఒకటే ప్రశ్న: ‘ఇది మీకెట్లు తెలిసెను?’ మొదట రోషము వచ్చినది. పిదప, హద్దు తగవుతో వచ్చిన ప్రతివానిని ముప్పదియేండ్లుగా నేనడుగుచున్న ప్రశ్న యదియే గదా యని తోచి, సిగ్గు కలిగినది.

మరల చదువగా గుట్టు తెలిసినది. రెండవ పుస్తకము మొదటిదానిని చూచియు, మూడవది రెండవదానిని చూచియు వ్రాసినవే. ఒక అచ్చుతప్పు సైతము మూడింటను చెక్కుచెదరక నిలిచియున్నది! దస్తావేజునకు పది నకళ్లు తీసినంతనే సాక్షులు పదుగురగుదురా?

వయస్సు సంగతి చూడుడు. రామారావుగారు 28 ఏండ్లు జీవించిరని నేనును వ్రాసితిని. జననము 1897 మార్చి 8, రాజమహేంద్రవరమున. మశూచిచే మరణము 1925 ఫిబ్రవరి 6. లెక్క కట్టుట నా వృత్తి. అయినను ఆనాడు కట్టలేదు. 27 సంవత్సరముల 10 నెలల 29 దినములు. 28 నిండుటకు సరిగా 30 దినములు తక్కువ. నెల దినములకేమి యని మీరనవచ్చును. 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేరినది మొదలు మరణమువరకు తొమ్మిదేండ్లయినను లేవు. ఆ స్వల్పకాలములోనే చదువు, చిత్రరచన, స్వస్థలమున చిత్రకళాశాలా స్థాపనము. అంతటి కొలది ఆయువులో నెలయు పెద్ద పద్దే.

ఇక నా అపరాధము చెప్పుకొనవలెను. ‘భారతి’ మాసపత్రిక 1924లో వెలువడనారంభించెను. చిత్రకారుడు మరుసటియేడే గతించెను. కావున ఆ తొలి సంచికలు తిరగవేయుట నా మొదటి పని కావలసియుండెను. అట్టి సంచికల కట్ట యొకటి ఈ గ్రంథాలయముననే ఉండెడిది. పన్నెండేండ్ల క్రిందట, చెదలు పట్టినవి, చోటు చాలదు అని పాతకాగితముల క్రింద తూకమునకు అమ్మివేసితిమి. తీర్మానమునకు క్రింద నా చేవ్రాలే యున్నది. ఆ తీర్మానపు నకలు మాత్రము భద్రముగా నున్నది! చివరకు సెలవుపెట్టి, రాజమహేంద్రవరమున గౌతమీ గ్రంథాలయపు తలుపు తట్టవలసివచ్చెను.

ఆ ఊరనే రామారావుగారి పేర వెలసిన చిత్రశాలను దర్శించితిని. అచ్చుబొమ్మను చూచి ఒక చిత్రమందలి చీర రంగును వర్ణించుచు నేను అరపేరా నింపియుంటిని. మూలచిత్రము ముందు నిలిచినంతనే ఆ అరపేరా కొట్టివేసితిని. రంగు వేరు. నాటినుండి చిత్రముపేరు వ్రాసినచోటనెల్ల, మూలమును చూచితినా, అచ్చును చూచితినా యని ప్రక్కన గుర్తు పెట్టుకొనుచున్నాను.

మరియొక లాభము కూడ కలిగినది. వారికి ఆంగ్ల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రేగారు ప్రోత్సాహమిచ్చిన సంగతి చాలమంది యెరుగుదురు. కాని భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును స్వయముగా చిత్రములు వ్రాసినవారను సంగతి నా మొదటి ప్రతిలో లేనేలేదు. నకలునుండి నకలునకు పోవునపుడు ఇట్టి పేర్లే ముందుగా రాలిపోవును గాబోలు.

మల్లినాథసూరి మన కొలిచెలమవాడు. కాళిదాస కావ్యములకు వ్యాఖ్య ఆరంభించుచు, మూలము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిజ్ఞ చేసెను. ఆ మాట నాకు యౌవనమునుండియు కంఠస్థమే. కంఠమున నున్నది చేతికి దిగుటకు ఏబదియేండ్లు దాటవలసివచ్చినది. విజ్ఞానసర్వస్వమున ఈ నియమము మరింత అవసరము. దానిని తెరచువాడు వాదింపడు, నమ్మును. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లో కన్నుమూయునాటికి మూడు సంపుటములు వెలువరించియు అకారము దాటలేదు. దానిని ఆలస్యమని నేనొకప్పుడు నవ్వినవాడను.

ఒక వృద్ధుడు, గోదావరి గట్టున రామారావుగారు బొమ్మ వ్రాయుచుండగా తన తాత చూచెనని నాకు చెప్పెను. ఎంతో అందమైన కథ. వ్యాసమున చేర్చలేదు. చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ వేసి నా పుస్తకమున వ్రాసియుంచితిని. రేపు ఏ ఉత్తరమో, దినచర్యయో దొరకి దానికి తోడు రావచ్చును.

పదునేడు ప్రశ్నలలో పదునాలుగింటికి గ్రంథము, ప్రచురణ సంవత్సరము, పుట సంఖ్యతో జవాబు పంపితిని. మూడు వాక్యములు తీసివేసితిని. వానిలో రెండు నాకు మిక్కిలి ఇష్టమైనవి. ఈ సభలో ఎవరి యింట అటకపైనైనను 1924, 25 నాటి పత్రికలున్నచో, తూకమునకు వేయకమున్ను ఒక్కమారు నాకు కబురు పెట్టుడు. సైకిలుమీద వచ్చి అచ్చటనే కూర్చుండి చూచికొందును.