పాత షాండ్లియర్ కొనేముందు
హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో బెల్జియం గాజు షాండ్లియర్లను చూస్తే, అలాంటిదొకటి మన హాల్లోనూ ఉండాలనిపించడం సహజమే. కానీ ఆ దర్బారు కప్పు ఎత్తెక్కడ, మన అపార్ట్‌మెంటు కప్పు ఎక్కడ! అందుకే పాతది కొనేటప్పుడు తళుకుకన్నా ముందు కొలత, బరువు, వైరు చూడాలి. మనుషులు తిరిగే చోట దాని అడుగుభాగం నేలకు కనీసం 7 అడుగుల ఎత్తులో ఉండాలి. కొక్కెం ఫాల్స్ సీలింగుకు కాదు, శ్లాబుకే బిగించాలి. వైరు మారిస్తే పాతదనం పోతుందని కొందరంటారు. కానీ కరెంటు రాకముందు చేసినవాటిలో వెలిగింది కొవ్వొత్తులో, నూనె, గ్యాసు దీపాలో. వైరు తర్వాత చేర్చిందే. పెళుసుబారిన ఆ వైరును కాపాడితే మిగిలేది ప్రమాదమే. విలువంతా ఇత్తడిలో, గాజులో ఉంది. ఒక్కో లోలకాన్నీ వెలుతురుకు పట్టి చూడండి: సానపట్టిన గాజు అంచు పదునుగా ఉంటుంది, అచ్చుపోసినది మొద్దుగా ఉంటుంది. ఒకటి రెండు లోలకాలు కొత్తవైతే కంగారొద్దు, బేరానికి పనికొస్తాయి.